అతివేగం, అజాగ్రత్త: రెండు మాటల్లో ఇమడని రోడ్డు ప్రమాదం

క్లుప్తంగా: దేశంలో రోడ్డు మరణాల్లో పదింట ఏడింటికి అతివేగమే కారణమని ప్రభుత్వ లెక్కలు చెబుతాయి. ఆ లెక్కలకు మూలం పోలీసు స్టేషన్లలో నమోదయ్యే కేసులు. బాధిత కుటుంబానికి బీమా డబ్బు వచ్చేదీ ఆ కాగితాల మీదనే. ఫలానా డ్రైవరుది తప్పు అని తేలితేనే పూర్తి పరిహారం కదిలే ఈ ఏర్పాటులో రోడ్డు లోపం, వాహనం లోపం రికార్డుకు ఎక్కడం అరుదు. ప్రమాదం ఎలా జరుగుతుంది, పరిహారం ఎలా లెక్కిస్తారు, ఎక్కడ ఆగిపోతుంది అన్నది ఈ వ్యాసం వివరిస్తుంది.

చిన్నటేకూరు దగ్గర ఏం జరిగింది

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర, 44వ నంబరు జాతీయ రహదారిపై, హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు స్లీపర్ బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. బస్సు మోటార్ సైకిల్‌ను ఢీకొట్టిందన్నది మొదట వచ్చిన వార్త. ఒకటి రెండు రోజుల్లోనే ఆ కథ తిరగబడింది. బస్సు రాకముందే మోటార్ సైకిల్ డివైడర్‌ను ఢీకొని పడిపోయింది. దాన్ని నడుపుతున్న యువకుడు అక్కడికక్కడే చనిపోయాడు. అతడు మద్యం తాగి ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. వెనక కూర్చున్న స్నేహితుడు మృతదేహాన్ని పక్కకు లాగాడు. బండిని కూడా లాగేలోపే బస్సు వచ్చి దాని మీదికెక్కి ఈడ్చుకుంటూ పోయింది.

ఇందులో కారణం ఏది? తాగి బండి నడపడమా? చీకట్లో రోడ్డు మధ్య పడి ఉన్న బండి దూరం నుంచి కనబడకపోవడమా? కనబడినా ఆపుకోలేనంత వేగమా? పరదాలు, పై బెర్తులు, ఇరుకు నడవ ఉన్న బస్సులో నిద్రపోతున్న మనిషికి బయటపడే వ్యవధి దొరకకపోవడమా? వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ రాత్రి మృతుల సంఖ్య వేరుగా ఉండేది. బండి రోడ్డు మధ్యలో కాక నాలుగడుగులు పక్కన పడి ఉంటే అది ఒక మనిషి చనిపోయిన ప్రమాదంగా, జిల్లా పేజీలో చిన్న వార్తగా మిగిలేది.

కారణాలు ఇలా వరసగా వస్తాయి. చట్టానికి, లెక్కల పట్టికకు మాత్రం ఒక్క కారణమే కావాలి.

లెక్కల్లోకి 'అతివేగం' ఎలా చేరుతుంది

ప్రమాదం తర్వాత పోలీసు స్టేషన్‌లో ఇచ్చే ఫిర్యాదుకు తెలుగు రాష్ట్రాల్లో ఒక స్థిరమైన వాక్యం ఉంది: ఫలానా నంబరు గల లారీ డ్రైవరు తన వాహనాన్ని అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి వెనుక నుంచి ఢీకొట్టగా... ఫిర్యాదు ఇచ్చిన వ్యక్తి ప్రమాదాన్ని కళ్లారా చూసి ఉండనవసరం లేదు. చాలాసార్లు అతడు ఆస్పత్రి నుంచి ఫోను వస్తే పరుగెత్తుకొచ్చిన తమ్ముడో, బావమరిదో అయి ఉంటాడు. అయినా వాక్యం మారదు. భారతీయ న్యాయ సంహితలోని 106(1) సెక్షను కింద, అంటే పాత ఐపీసీ 304ఎ స్థానంలో వచ్చిన సెక్షను కింద, కేసు కట్టాలంటే దుడుకుగానో నిర్లక్ష్యంగానో చేసిన పని వల్ల చావు జరిగిందని చూపాలి. ఆ రెండు మాటలు లేని ఫిర్యాదు సెక్షనులో కూర్చోదు.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ ఏటా ప్రకటించే నివేదికకు ముడిసరుకు పోలీసులు పంపే వివరాలే. 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయారని ఆ ఏటి నివేదిక చెబుతుంది. మరణాల్లో 71 శాతానికి పైగా అతివేగం ఖాతాలో పడ్డాయి. మద్యం మత్తు వాటా రెండు మూడు శాతం దగ్గరే ఆగింది. రాత్రి వేళ హైవే పక్క వైన్ షాపుల ముందు ఆగి ఉండే బండ్లను చూసినవారెవరికైనా ఈ రెండో అంకె మీద అనుమానం రాకమానదు. శ్వాస పరీక్షో రక్త పరీక్షో చేస్తేనే మత్తు కాగితం మీదికి వస్తుంది. వేగం విషయంలో మాట చాలు.

అదే నివేదికలోని మరో సంగతి ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. ప్రమాదాల్లో దాదాపు మూడింట రెండు వంతులు మలుపులు లేని తిన్నని రోడ్ల మీదే జరిగాయి. దేశం మొత్తం రోడ్ల పొడవులో రెండు శాతం చిల్లరే అయిన జాతీయ రహదారుల మీద మరణాల్లో 36 శాతం నమోదయ్యాయి. రోడ్డు బాగుపడితే ప్రమాదాలు తగ్గుతాయన్న సాధారణ నమ్మకానికి ఇది అడ్డం తిరుగుతుంది. నున్నటి రోడ్డు వేగాన్ని ఇస్తుంది. ఆ వేగాన్ని తట్టుకునే మిగతా ఏర్పాట్లు, అంటే సర్వీసు రోడ్డు, అండర్‌పాస్, వెలుతురు, ఆగే చోటు, ఆ నునుపుతో పాటు రావు.

వేగం చేసే పని

వేగాన్ని నిందించడం తప్పేమీ కాదు. అది చేసే నష్టం మనసులో వేసుకునే అంచనా కంటే ఎక్కువ. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు సెకనుకు 22 మీటర్లు కదులుతుంది. ముందు అడ్డంకి కనబడి, కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి సెకనున్నర పడుతుందనుకుంటే, బ్రేకు పడకముందే 33 మీటర్లు గడిచిపోతాయి. పొడి రోడ్డు మీద బ్రేకు గట్టిగా పట్టాక ఆగడానికి మరో 36 మీటర్లు కావాలి. మొత్తం దాదాపు 69 మీటర్లు.

అదే కారు 100తో వెళ్తుంటే మొత్తం 98 మీటర్లు కావాలి. ఇంతవరకు ఎవరైనా ఊహించేదే. ఊహకు అందనిది ఇంకొకటి ఉంది. అడ్డంకి 69 మీటర్ల దూరంలో ఉంటే 80తో వచ్చిన కారు దాన్ని తాకకుండా ఆగుతుంది. 100తో వచ్చిన కారు అదే చోటికి చేరేసరికి దాని వేగం ఇంకా గంటకు 70 కిలోమీటర్ల పైనే ఉంటుంది. స్పీడోమీటరులో తేడా 20, గుద్దుకునే వేగంలో తేడా 70. గతిజ శక్తి (కదిలే వస్తువులో ఉండే శక్తి) వేగానికి వర్గంగా పెరగడం, బ్రేకు పని మొదలుపెట్టేలోపే ఎక్కువ దూరం గడిచిపోవడం, ఈ రెండూ కలిసి చేసే పని ఇది.

రాత్రి పూట లెక్క ఇంకా బిగుస్తుంది. డిమ్‌లో పెట్టిన హెడ్‌లైట్ల వెలుతురు స్పష్టంగా పడేది సుమారు 40 నుంచి 60 మీటర్ల వరకే. అంటే డిమ్ లైట్లతో 80 దాటి వెళ్లేవారు తమకు కనబడే దూరంలో ఆగలేని వేగంతో వెళ్తున్నట్టే. ఎదుటివారు హై బీమ్ వేస్తే ఆ 40 కూడా ఉండదు.

రోడ్డు మీద కనబడేవి

హైవే మీద చెడిపోయి ఆగిన లారీని దగ్గరగా చూస్తే దాని వెనక పది పదిహేను అడుగుల దూరంలో నాలుగు బండరాళ్లు, ఒక వేప మండో తుమ్మ కొమ్మో ఉంటుంది. ఇండికేటరు ఉండదు, ఉన్నా బ్యాటరీ దిగిపోయి ఉంటుంది. వెనక అతికించిన రేడియం స్టిక్కరు దుమ్ముపట్టి మెరవదు. 69 మీటర్ల ముందు కనబడాల్సిన హెచ్చరిక ఐదు మీటర్ల ముందు ఉంటుంది. లారీ బాగై వెళ్లిపోయాక కూడా రాళ్లు రోడ్డు మీదే మిగులుతాయి. మరుసటి రాత్రి మోటార్ సైకిల్ వాటికి తగులుతుంది.

కోతల కాలంలో ఇంకొకటి తోడవుతుంది. తెలంగాణ పల్లెల్లో వడ్లు, మక్కలు ఆరబోయడానికి తారురోడ్డును మించిన కళ్లం లేదు. సాయంత్రం కుప్ప చేసి, నల్ల టార్పాలిన్ కప్పి, ఎగిరిపోకుండా అంచుల మీద రాళ్లు పెడతారు. నల్ల రోడ్డు మీద నల్ల కవరు చీకట్లో ఏమీ కనబడదు. అధికారులు ఏటా హెచ్చరిస్తారు. కొనుగోలు కేంద్రంలో తేమ శాతం ఎక్కువుందని ధాన్యం తిప్పి పంపుతుంటే, ఊళ్లో ఆరబోసుకునే గచ్చు లేకుంటే, రైతు మళ్లీ రోడ్డుకే వస్తాడు. ఈ ప్రమాదం మూలం రవాణా శాఖలో లేదు.

హైదరాబాద్-విజయవాడ రోడ్డును హైదరాబాద్ అవుటర్ రింగు రోడ్డుతో పోల్చి చూస్తే మరో సంగతి తెలుస్తుంది. 158 కిలోమీటర్ల అవుటర్ మీద లోపలి వరసల్లో 120 వరకు అనుమతి ఉంది. ద్విచక్ర వాహనాలు, నడిచేవాళ్లు, ఎదురు బండ్లు ఉండవు. అక్కడ జరిగే ఘోరాల్లో ఎక్కువగా వినిపించేవి నిద్రమత్తు, ఆగిన లారీని వెనక నుంచి గుద్దడం. విజయవాడ రోడ్డు చౌటుప్పల్, చిట్యాల వంటి ఊళ్లను ఆనుకుని సాగుతుంది. ఎడమ పక్క ఇల్లు, కుడి పక్క పొలం ఉన్నవాళ్లు రోజూ దాన్ని దాటాలి. యూటర్న్ రెండు మూడు కిలోమీటర్ల దూరంలో ఉంటే మోటార్ సైకిల్ మీది మనిషి పెట్రోలు, సమయం లెక్కేసుకుని రాంగ్ రూటులోనే వస్తాడు. కేసులో అది అతడి తప్పు. రోజూ వందమంది అదే తప్పు చేస్తుంటే మాత్రం ఆ యూటర్న్ ఎక్కడ పెట్టాలో గీసిన వారి పటం కూడా పరిశీలించాల్సి ఉంటుంది.

స్వీడన్ పార్లమెంటు 1997లో 'విజన్ జీరో' విధానాన్ని ఆమోదించినప్పుడు మార్చింది సరిగ్గా ఈ చూపునే. మనిషి పొరపాటు చేస్తాడు, ఆ పొరపాటుకు మరణం శిక్ష కాకుండా రోడ్డు కట్టాలి అన్నది దాని సారం. అక్కడ వెడల్పైన రెండు వరసల రోడ్లను మూడు వరసలుగా మార్చి, మధ్యలో ఇనుప తాళ్ల అడ్డు కట్టారు. ఓవర్‌టేక్ చేసే అవకాశం ఒకసారి ఇటువారికి, ఒకసారి అటువారికి వస్తుంది. ఎదురెదురుగా గుద్దుకోవడం దాదాపు అసాధ్యం.

2025 నవంబరు 3న రంగారెడ్డి జిల్లా చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఎదురుగా ఢీకొని 19 మంది చనిపోయిన చోట అలాంటి అడ్డు లేదు. అది డివైడర్ లేని రెండు వరసల జాతీయ రహదారి. దారి పొడవునా ఉన్న మర్రి చెట్ల విషయంలో నడిచిన వివాదంతో దాని విస్తరణ ఏళ్ల తరబడి ఆగింది. కంకర బస్సులోకి కూలి చాలామందిని కప్పేసింది. లోడు, వేగం, రోడ్డు వెడల్పు, ఈ మూడింటిలో ఎఫ్ఐఆర్‌లో తేలిగ్గా పట్టేది ఒక్కటే.

కారు లోపల

ఈ భాగం పెద్ద వివాదం లేనిది. 2022లో సీటు బెల్టు పెట్టుకోని 16,715 మంది చనిపోయారు. వారిలో దాదాపు సగం మంది డ్రైవర్లు కాదు, ప్రయాణికులు. 2022 సెప్టెంబరులో మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ చనిపోయినప్పుడు ఆయన వెనక సీటులో బెల్టు లేకుండా కూర్చున్నారు. కారు ఆగుతుంది, వెనక కూర్చున్న శరీరం ఆగదు. అది అదే వేగంతో ముందు సీటును, అందులోని మనిషిని గుద్దుతుంది. ఎయిర్‌బ్యాగు బెల్టుకు తోడుగా ఉండేలా తయారైంది, బెల్టుకు బదులుగా కాదు. బెల్టు లేకుండా ముందుకు తూలిన మనిషికి అప్పుడే విచ్చుకుంటున్న బ్యాగు దెబ్బే తగులుతుంది.

మొదటి గంట, మొదటి కాగితం

గాయపడ్డాక మొదటి గంటను మోటారు వాహనాల చట్టం 2019 సవరణ 'గోల్డెన్ అవర్'గా నిర్వచించింది. 2025 మేలో నోటిఫై అయిన నగదు రహిత చికిత్స పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, రూ. 1.5 లక్షల వరకు గుర్తింపు పొందిన ఆస్పత్రుల్లో చికిత్స అందాలి. తప్పు ఎవరిదన్న ప్రశ్నతో దీనికి సంబంధం లేదు. గాయపడినవారిని ఆస్పత్రికి చేర్చినవారి పేరు, చిరునామా చెప్పమని బలవంతం చేయకూడదని 134ఎ సెక్షను రక్షణ ఇస్తుంది. అయినా ఆగి చూసి వెళ్లిపోయే వాహనాలే ఎక్కువ. పోలీసు స్టేషన్ చుట్టూ తిరగాల్సి వస్తుందన్న భయం చట్టం కంటే పాతది.

పరిహారానికి దారి కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి నివేదికను, 90 రోజుల్లో సవివర నివేదికను పరిహార ట్రిబ్యునల్‌కు పంపాలి. ఎఫ్ఐఆర్, ఘటనా స్థలం రఫ్ స్కెచ్, వాహన తనిఖీ అధికారి రిపోర్టు, పంచనామా, పోస్టుమార్టం లేదా వూండ్ సర్టిఫికెట్, ఛార్జిషీటు: న్యాయవాదులు ఎంవీఓపీ అని పిలిచే పరిహార పిటిషన్ వీటి మీదే నిలుస్తుంది. క్రిమినల్ కేసులోలాగా అనుమానానికి తావులేని రుజువు ఇక్కడ అక్కర్లేదు. ఏది ఎక్కువ సంభావ్యమో అది చాలు. డ్రైవరు మీద ఛార్జిషీటు పడటం బాధితులకు బలమైన ఆధారం. కాబట్టి ఫిర్యాదులో 'అతివేగం, అజాగ్రత్త' అన్న మాటలు పోలీసులకెంత అవసరమో బాధిత కుటుంబానికీ అంతే అవసరం. రోడ్డు మధ్య గుంత ఉందని, వీధి దీపం వెలగలేదని ఆ కుటుంబం రాయిస్తే బీమా కంపెనీ వాదనకే బలం చేకూరుతుంది.

ఎక్స్‌గ్రేషియా వేరు, పరిహారం వేరు

మీర్జాగూడ మృతుల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం, ఆర్టీసీ కలిపి రూ. 7 లక్షలు, ప్రధానమంత్రి సహాయ నిధి నుంచి రూ. 2 లక్షలు ప్రకటించారు. ఇలాంటి ప్రకటనలు రాగానే పరిహారం అందిందన్న భావన ఏర్పడుతుంది. ఎక్స్‌గ్రేషియా ప్రభుత్వం తన ఇష్టం కొద్దీ ఇచ్చేది. ఒక ప్రమాదానికి ఇచ్చి మరో ప్రమాదానికి ఇవ్వకపోయినా అడగడానికి హక్కు లేదు. పరిహారం చట్టబద్ధమైన హక్కు, తప్పు చేసిన వాహనం యజమాని, ఆ వాహనం బీమా కంపెనీ చెల్లించాల్సినది.

మోటారు వాహనాల చట్టంలో దీనికి రెండు దారులున్నాయి. 164వ సెక్షను దారిలో ఎవరి తప్పూ నిరూపించనవసరం లేదు. మరణానికి రూ. 5 లక్షలు, తీవ్ర గాయానికి రూ. 2.5 లక్షలు, అంతే. 166వ సెక్షను దారిలో డ్రైవరు తప్పు చూపాలి, అయితే మొత్తానికి పరిమితి లేదు. మొదటి దారిలో డబ్బు తీసుకుంటే రెండోది మూసుకుపోతుంది. ప్రమాదం జరిగిన వారంలోపే ఎవరైనా కాగితాలు తెచ్చి సంతకం పెట్టమంటే అవి ఏ దారివో చూసుకోవాల్సింది అందుకే.

లెక్క ఎలా కడతారు

మరణించిన వ్యక్తి వయసు 32, సొంతంగా వెల్డింగ్ పని, నెలకు రూ. 20,000 ఆదాయం, ఆధారపడినవారు భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అనుకుందాం. సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో, 2017లో ప్రణయ్ సేఠీ కేసులో ఖరారు చేసిన సూత్రం ప్రకారం లెక్క ఇలా నడుస్తుంది. సొంత పని చేసుకునే 40 లోపు వ్యక్తి ఆదాయం ముందు ముందు పెరిగేదని 40 శాతం కలుపుతారు: రూ. 28,000. నలుగురు ఆధారపడి ఉన్నారు కాబట్టి అతడి సొంత ఖర్చుల కింద నాలుగో వంతు తీసేస్తారు: రూ. 21,000. ఏడాదికి రూ. 2,52,000. దీన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చిస్తారు. 31 నుంచి 35 ఏళ్ల వయసుకు ఆ గుణకం 16. మొత్తం రూ. 40,32,000. దీనికి అంత్యక్రియలు, వారసులకు మిగలాల్సిన ఆస్తికి నష్టం, సాహచర్యం కోల్పోవడం కింద నిర్ణీత మొత్తాలు, పిటిషన్ వేసిన నాటి నుంచి వడ్డీ కలుస్తాయి.

ఇప్పుడు అదే మనిషి ఆదాయానికి కాగితం లేదనుకుందాం. బ్యాంకు ఖాతాలో డబ్బు పడదు, బిల్లు పుస్తకం లేదు, పన్ను రిటర్ను లేదు. ట్రిబ్యునల్ ఊహించి నెలకు రూ. 10,000 అంటే, మిగతా లెక్కంతా అదే అయినా చేతికి వచ్చేది రూ. 20,16,000. సగానికి సగం. మరణం ఒకటే, తప్పు ఒకటే. తేడా తెచ్చింది బతికుండగా ఫోన్‌పే ద్వారా తీసుకున్న డబ్బుకూ చేతికి తీసుకున్న డబ్బుకూ మధ్య ఉన్న తేడా. అడ్డా కూలీలు, పాల వ్యాపారులు, కౌలు రైతుల కుటుంబాలు నష్టపోయేది ఇక్కడే.

గృహిణి మరణిస్తే ఆదాయమే లేదని వాదించే రోజులు పోయాయి. 2021 జనవరిలో కీర్తి కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన తీర్పులో 2011 జనగణనను ప్రస్తావించారు: ఇంటిపనే తమ ప్రధాన వృత్తి అని దాదాపు 15.98 కోట్ల మంది మహిళలు చెబితే, పురుషుల్లో అలా చెప్పినవారు 57.9 లక్షల మంది. ఆ శ్రమకు విలువ కట్టడం దయ కాదని, చట్టం ముందు సమానత్వంలో భాగమని ఆ తీర్పు ధోరణి.

గాయాల కేసుల్లో ఎక్కువ గందరగోళం డిజేబిలిటీ సర్టిఫికెట్ దగ్గర వస్తుంది. వైద్యుడు రాసిన శాతం శరీరానిది, ట్రిబ్యునల్ చూడాల్సింది సంపాదనది. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని స్పష్టం చేసింది. చెయ్యి పోయిన డ్రైవరో వడ్రంగో సంపాదన దాదాపు మొత్తం కోల్పోవచ్చు. అదే గాయమైన ప్రభుత్వ గుమాస్తా ఉద్యోగంలో కొనసాగితే సంపాదన నష్టం అంతగా ఉండకపోవచ్చు. సర్టిఫికెట్‌లో ఇద్దరికీ ఒకే అంకె ఉంటుంది. గాయపడినవారు బతికే ఉంటారు కాబట్టి సొంత ఖర్చుల కోత ఇక్కడ వర్తించదు.

డబ్బు ఆగిపోయే చోట్లు

పెళ్లి బృందం డీసీఎం వ్యానులో వెళ్తుంది. మిరపకోత కూలీలు ట్రాక్టరు ట్రాలీలో వెళ్తారు. అది సరుకుల వాహనం. సరుకు యజమాని, అతడి ప్రతినిధి తప్ప ఊరికే ఎక్కినవారి బాధ్యత బీమా కంపెనీది కాదని ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పి రెండు దశాబ్దాలు దాటింది. కొన్ని కేసుల్లో కంపెనీ ముందు చెల్లించి యజమాని నుంచి రాబట్టుకోవాలని కోర్టులు చెబుతాయి, కొన్నింట్లో చెప్పవు. చెప్పకపోతే మిగిలేది ట్రాలీ యజమాని, అతడికున్న రెండెకరాలు.

పాలసీ రకం కూడా ముఖ్యమే. చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ పాలసీ (ఎదుటివారికి జరిగే నష్టానికి చేసే బీమా) ఒక్కటే ఉంటే సొంత కారులో కూర్చున్నవారికి, మోటార్ సైకిల్ వెనక కూర్చున్నవారికి అది వర్తించదన్నదే తీర్పుల ధోరణి. సొంత వాహనాన్నీ కలుపుకునే ప్యాకేజీ (కాంప్రహెన్సివ్) పాలసీ అయితే వర్తిస్తుంది. ఇక ఎవరూ గుద్దకుండా తానే చెట్టుకు గుద్దుకుని చనిపోయిన యజమాని కుటుంబానికి థర్డ్ పార్టీ బీమా నుంచి ఏమీ రాదు. అడిగి తీసుకెళ్లిన బండి అయినా అంతే, అతడు యజమాని స్థానంలో నిలబడినట్టు. యజమాని విషయంలో ఆ ఖాళీని పూరించేది రూ. 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా. రెన్యువల్ సమయంలో కొన్ని వందల రూపాయల కోసం చాలామంది వదిలేసేది దాన్నే.

మోటార్ సైకిల్ మీద ముగ్గురు ఎక్కారని పరిహారం కోసేయడం మామూలుగా జరిగేది. ప్రమాదానికి, ముగ్గురు ఎక్కడానికి సంబంధం చూపకుండా అలా కోయడం చెల్లదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. పిటిషన్‌కు ఆరు నెలల గడువు కూడా 2019 సవరణతో వచ్చిందే. దాని మీద సవాలు నడుస్తోంది. గడువు దాటిందన్న ఒక్క కారణంతో పిటిషన్లు కొట్టేయవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతరంగా చెప్పింది.

అన్నింటికంటే వింతైనది గుద్ది పారిపోయిన కేసుల సంగతి. వాహనం ఏదో తెలియకపోతే మరణానికి రూ. 2 లక్షలు, తీవ్ర గాయానికి రూ. 50 వేలు ఇచ్చే పథకం 2022 నుంచి ఉంది. దరఖాస్తు రెవెన్యూ అధికారుల ద్వారా సాగుతుంది. 2022లో ఇలాంటి ప్రమాదాలు 67,387. 2022-23లో వచ్చిన దరఖాస్తులు 205, పరిష్కరించినవి 95. ఈ అంకెలు చూసే 2024 జనవరిలో సుప్రీంకోర్టు, పథకం గురించి బాధితులకు పోలీసులే చెప్పాలని ఆదేశించింది.

తప్పుతో పనిలేని పద్ధతి

న్యూజీలాండ్ 1974 నుంచి ఈ ముడిని వేరేగా విప్పింది. అక్కడ ప్రమాదంలో ఎవరు గాయపడినా, తప్పు తనదే అయినా, ప్రభుత్వ సంస్థ చికిత్స ఖర్చును, కోల్పోయిన ఆదాయంలో 80 శాతాన్ని భరిస్తుంది. బదులుగా గాయానికి పరిహారం కోరుతూ దావా వేసే హక్కును పౌరులు వదులుకున్నారు. తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్న న్యూజెర్సీలో సగం దారి పద్ధతి ఉంది: వైద్యం ఖర్చు ఎవరి బీమా వారిదే ఇస్తుంది, దావా హక్కు పాలసీలో ఎంచుకున్న దాన్ని బట్టి పరిమితమవుతుంది. తక్కువ ప్రీమియం కోసం ఆ హక్కును కుదించుకున్న సంగతి కొత్తగా వెళ్లినవారికి ప్రమాదం తర్వాతే తెలుస్తుంటుంది.

మన 164వ సెక్షను ఆ దిశలో వేసిన చిన్న అడుగు. రూ. 5 లక్షల దగ్గర ఆగింది కాబట్టి కుటుంబాలు మళ్లీ తప్పు నిరూపించే దారికే వెళ్తాయి. అలా వెళ్లినంతకాలం ఫిర్యాదులోని వాక్యమూ మారదు.

రోడ్డు నిర్మాణ లోపానికి శిక్ష అసలే లేదని కాదు. 198ఎ సెక్షను ప్రకారం ప్రమాణాలు పాటించని కాంట్రాక్టరుకు, సంస్థకు రూ. లక్ష వరకు జరిమానా వేయవచ్చు. ఆ లక్ష కూడా బాధితులకు కాదు, మోటారు వాహన ప్రమాద నిధికి వెళ్తుంది. గుంతలు, తెరిచిన మ్యాన్‌హోళ్ల వల్ల చనిపోయినవారి కుటుంబాలకు రూ. 6 లక్షలు ఇవ్వాలని 2025 అక్టోబరులో బొంబాయి హైకోర్టు చెప్పడం ఇంకా మినహాయింపుగానే ఉంది.

ప్రమాద స్థలం వివరాలను ఫోటోలతో సహా యాప్‌లో నమోదు చేసే ఐరాడ్ వ్యవస్థ వచ్చింది, అందులో రోడ్డు ఇంజినీరు పరిశీలనకూ చోటుంది. 500 మీటర్ల లోపు మూడేళ్లలో మరణాలో తీవ్ర గాయాలో ఉన్న ప్రమాదాలు ఐదు జరిగితే, లేదా పది మంది చనిపోతే ఆ చోటు బ్లాక్ స్పాట్ అవుతుంది. అప్పుడు అక్కడ ఇంజినీర్లు కొలతలు తీస్తారు, అంచనాలు వేస్తారు. అంతవరకు ఆ మలుపు దగ్గర జరిగే ప్రతి కేసులోనూ ప్రతివాదులు ఇద్దరే ఉంటారు: బండి యజమాని, బీమా కంపెనీ.